ముడుపు విప్పిన చెయ్యి

పాపమ్మ పెరట్లో మూడు ఇటుకలు పేర్చి వేరు పొయ్యి పెట్టుకుంది.

నిన్న సాయంత్రం నుంచీ ఆవిడ కొడుకు ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తన చెంబు, తన గిన్నె, తన బియ్యం డబ్బా అన్నీ మోసుకుని పెరట్లోకి దిగిపోయింది. రాత్రి పడక కూడా వెనక వసారాలోనే వేసింది. రైల్వే క్వార్టర్సులో పెరళ్ళకి గోడలుండవు. ఆ పొగ చూస్తే చాలు, మునుసామి ఇంట్లో ఏదో జరిగిందని కౌలాలంపూర్‌లోని ఆ వీధి వీధంతటికీ తెలిసిపోతుంది.

"అమ్మా, నలుగురూ సూస్తన్నారు. లోపలికి రా," అన్నాడు మునుసామి. ఆఫీసుకి వెళ్ళే తొందరలో టై సగం కట్టి సగం వదిలేసి గుమ్మంలో నిలబడ్డాడు.

"సూడనీ. నానేటి దొంగపని సేసినానా?"

"రేపొక్క రోజే కదా. అది మన వంటింట్లోకి రాదని సెప్పినాను. పక్కింటి జయమణి ఆల్లింట్లో వండుతాది. కంచాలు కూడా ఆల్లవే. దొర వస్తాడు, తింటాడు, ఎల్లిపోతాడు."

"ఎక్కడ కూకుని తింటాడు?"

"హాల్లో."

"హాలుకీ నా అప్పన్నకీ మధ్య ఒక్క గోడే గదరా. గోడకి ఇవతల ఆ తండ్రి, అవతల అది."

ముసలావిడ నోట ఆ మాంసం పేరు ఒక్కసారి కూడా రాలేదు. నిన్నటి నుంచీ "అది", "అది" అనే అంటోంది. ఆ మాట వినబడ్డప్పుడల్లా గుమ్మం వెనక ఉన్న కోడలు రత్నావతికి ఒళ్ళు కుంచించుకుపోతోంది.

"సుంగై సుమున్ ఎస్టేటులో మన కూలి లైనింటి ఎనక ఏటి కట్టినాను?" అంది పాపమ్మ పుల్ల ఎగదోస్తూ. "మీ నాయన సచ్చిపోయినాక మనకి అన్నం పెట్టింది ఎవులు? దొరా? ఆ ఆవు. దాని పాలు అమ్మి నిన్ను ఇంగిలీసు బళ్ళో ఏసినాను. ఆ ఇంగిలీసుతోనే ఇయ్యాల దొరకి దాన్ని వడ్డిస్తానని సెప్పి వచ్చినావు."

మునుసామి మొహం మాడిపోయింది.

"కణ్ణన్ బయటికి రావాలా వద్దా? ముందది సెప్పు."

పొయ్యిలో పుల్ల చిటపటలాడింది. ఆ పేరు వినబడితే పాపమ్మ నోరు దానంతటదే మూతపడుతుంది.

కణ్ణన్ ఆవిడ చిన్న కొడుకు, ఎస్టేటు బళ్ళో తెలుగు పంతులు. దొరల మీద తిరగబడి అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి బియ్యం అందించాడని ఎవరో చెబితే పోలీసులు పట్టుకుపోయారు. ఈపో దగ్గర నిర్బంధ కేంపులో పెట్టి రెండేళ్ళు దాటింది. విచారణ కమిటీ వాళ్ళు ఈ మధ్యనే ఒక దారి చెప్పారు: పరువైన ఉద్యోగం చేసే దొర ఎవరైనా జామీను సంతకం పెడితే కుర్రాణ్ణి వదిలేస్తామని. మునుసామి ఎరిగున్న దొర ఒక్కడే, అతని పై అధికారి ఫెన్‌విక్. ఆ దొర కూడా, మెర్డేకా, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వస్తోంది, ఇక మనకిక్కడ పనేముందని పెట్టెలు సర్దేస్తున్నాడు. క్రిస్మస్ పండగ వెళ్ళగానే ఓడెక్కేస్తాడు.

భార్య ముందే ఊరెళ్ళిపోయింది కాబట్టి దొర క్రిస్మస్‌కి ఒంటరివాడయ్యాడు. "మా అమ్మ పండగనాడు పెద్ద గొడ్డుమాంసం ముక్కని రోస్టు చేసి బల్లమీద పెట్టేది" అన్నాడట ఆఫీసులో, ఏదో నవ్వుతూ. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ మునుసామికి ఏం పూనిందో, "మా ఇంటికి రండి సార్, రోస్టు మేం పెడతాం" అనేశాడు. దొర సరేనన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ తానేమన్నాడో మునుసామికే తెలిసిరాలేదు.

"ఒక్కటడుగుతాను, సెప్పు," అంది పాపమ్మ, ఈసారి నెమ్మదిగా. "ఇదంతా తమ్ముడి కోసమేనా? లేపోతే ఆ దొర కాళీ సేసీ కుర్సీ కోసమా?"

కాదని ఒక్క మాటంటే సరిపోయేది. ఆ మాట కోసం రత్నావతి గుమ్మం వెనక ఎదురుచూసింది. మునుసామి టై బిగించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. వెనక్కి తిరిగి లోపలికొచ్చేశాడు.

వచ్చి, జేబులోంచి నోట్లు తీసి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"ఇంట్లో ఉన్నది ఇదే. జీతం వచ్చీదాకా ఇంక ఒక్క నోటు లేదు. పాసార్‌కి ఎల్లి మంచి ముక్క సూసి తే."

"నానా?" రత్నావతి ఆ నోట్లు తిరిగి అతనికే చాపింది. "నాకేటి తెలుస్తాదండీ? మీరెల్లండి."

"నేను సెలవెలా అడగను, ఆ దొరనే? జయమణిని అడుగు, సెప్తాది. జాగర్త రత్నా. ఇది పాడయితే ఇంక లేదు."

అని వెళ్ళిపోయాడు. మాటిచ్చింది తను, కొనే పాపం పెళ్ళానిది. ఆ సంగతి మునుసామికి తోచినట్టు లేదు.

జయమణి పక్కింటి క్రైస్తవురాలు. మాట చివర ఆ దేశపు "లా" తగిలిస్తూ తమిళంలో గలగలా మాట్లాడుతుంది, పండగ పిండివంటల్లో మోచేతుల దాకా మునిగి ఉంది.

"భయమెందుకక్కా? నిలువు ముక్క, అంటే కొట్టని పెద్ద ముక్క అడుగు. ఇంత లావున, పైన తెల్లటి కొవ్వు పొర ఉండాలి. పసుప్పచ్చగా ఉంటే ముసలి గొడ్డు, వద్దను. తాడుతో కట్టి ఇమ్మను. మిగతాది నేను చూసుకుంటాను లా."

నిలువు ముక్క, తెల్ల కొవ్వు, తాడు. రత్నావతి దారి పొడుగునా అదే జపం చేసుకుంటూ వెళ్ళింది.

పాసార్ అనే ఆ మార్కెట్లో గొడ్డుమాంసం కొట్లు అన్నిటికీ చివర, వేరే పాకలో ఉంటాయి. ఇన్నేళ్ళలో ఆమె ఆ పాక వైపు తలెత్తి చూసింది లేదు. మేకమాంసం కొట్టు దగ్గర ఆగిపోయి, కూరకి తీసుకుని తిరిగొచ్చేసేది. ఈ వేళ ఆ కొట్టు దాటి నడుస్తుంటే, ఎప్పుడూ కొనే ముసలాయన "ఏమ్మా, ఇటు రాలేదు?" అని పిలిచాడు. వినబడనట్టు తల వంచుకుని నడిచింది.

కొట్టు సాయిబు తెల్ల టోపీ పెట్టుకుని, పండగ బేరాలతో మంచి హుషారుగా ఉన్నాడు. "రండమ్మా, ఏది కావాలి?" అని తమిళంలో అడిగి రెండు ముక్కలు బల్లమీద పడేశాడు. రత్నావతి పైట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. చూడాలి. చూడకపోతే ఎంచడమెలా? ఒకటి ముదురెరుపు, కొవ్వు పసుపు. రెండోది లేతది, కొవ్వు తెల్లన.

ఇంత లేతదంటే నిన్నో మొన్నో అది ఎక్కడో గడ్డి మేస్తూ ఉండాలి.

"ఇదే," అంది వేలితో చూపించి, ముట్టుకోకుండా.

సాయిబు తూచాడు. ధర చెప్పాడు. మొగుడిచ్చిన నోట్లన్నీ ఇచ్చేస్తే నాలుగు రాగి సెంట్లు వెనక్కొచ్చాయి. సరిగ్గా అప్పుడే, మేకమాంసం కొట్టు దగ్గర విజయలెచ్చుమి గొంతు వినబడింది. విజయలెచ్చుమి అంటే గుడి భజనలో ముందు వరసలో కూర్చునే మనిషి. ఆవిడ కంటబడితే, సాయంత్రానికి గుళ్ళో ఇదే భజన.

రత్నావతి గిరుక్కున గోడవైపు తిరిగి కొంగు తలమీదికి లాక్కుంది.

"పొటోంగ్?" అని వెనకనించి సాయిబు అడిగాడు, కొట్టమంటారా అని.

మాంసం కొన్న ప్రతిసారీ వినే మాటే. ప్రతిసారీ చెప్పే జవాబే ఆమె నోటినించి వచ్చేసింది.

"ఆఁ, ఆఁ. కెచిల్ లా. చిన్నవి."

మన ఇళ్ళల్లో మాంసమంటే ముక్కలే. నిలువునా వండుకోవడం ఎవరెరుగుదురు? కత్తి దడదడా పడుతోంది. రత్నావతి విజయలెచ్చుమి గొంతు దూరమయ్యేదాకా గోడనే చూస్తూ నిలబడింది. ఆ గండం గడిచి, ఊపిరి వదిలి వెనక్కి తిరిగితే, బల్లమీద దొరగారి పండగ రోస్టు చక్కగా కూర ముక్కలై కుప్పపోసి ఉంది.

ఆమె ఆ కుప్పనే చూస్తూ తల అడ్డంగా ఊపింది.

"ఏమయిందమ్మా?"

"రోస్టు... నిలువుగా... తాడుతో..."

సాయిబు కత్తి కింద పెట్టాడు. "అయ్యో, ముందు చెప్పొద్దా అమ్మా? నేను అడిగాను కదా."

"ఇది ఉంచేసుకుని ఇంకోటియ్యండి బాబూ. మీకు దండం పెడతాను."

"పండగ ముందురోజు కూర ముక్కలు ఎవరు కొంటారమ్మా? నిలువు ముక్కలే అడుగుతున్నారు అందరూ. అదుగో, ఇక అదొక్కటే ఉంది." వెనక కొక్కేనికి వేలాడుతున్న ముక్క చూపించాడు. ఆమె మొహం చూసి జాలేసినట్టుంది. "ఎండ దిగేదాకా ఉంచుతాను. డబ్బు తెచ్చుకోండి."

ఇంటికి ఎలా వచ్చిపడిందో ఆమెకే తెలీదు. ఆ ముక్కల పొట్లం జయమణి చేతిలో పెట్టి, సంగతి చెప్పి, అప్పు అడిగింది.

"అయ్యో కడవుళే, దేవుడా! ఉన్నదంతా పిల్లల బట్టలకీ వీటికీ పోయిందక్కా," అంది జయమణి నుదురు కొట్టుకుంటూ. అబద్ధమాడే మనిషి కాదు.

మొగుడి ఆఫీసుకి వెళ్ళి చెప్పొచ్చు. చెప్పి, ఏం లాభం? అతని దగ్గర లేదు. ఉన్న ఒక్క గొలుసూ కణ్ణన్ లాయరు కోసం ఏనాడో తాకట్టుకి పోయింది. పైగా, ముక్కలు కొట్టించానని మునుసామితో ఏ మొహంతో చెప్పడం? అతని తమ్ముడి బతుకు ఆమె చేతిలో పెట్టి పంపాడు. ఆమె దాన్ని "చిన్నవి" అని కొట్టించుకొచ్చింది.

దేవుడి గదిలోకి ఎందుకు వెళ్ళిందంటే, ఏడవడానికే వెళ్ళింది. మరో ఉద్దేశం లేదు.

సింహాద్రి అప్పన్న పటం కింద మేకుకి పసుపు గుడ్డ మూట వేలాడుతోంది. పాపమ్మ ముడుపు. కణ్ణన్ని పట్టుకెళ్ళిన వారం కట్టింది. ఆనాటి నుంచీ ప్రతి శనివారం తలంటుకుని, ఒక్కో అర డాలరు బిళ్ళ అందులో వేసి మళ్ళీ ముడి వేస్తుంది. కొడుకు ఇల్లు చేరిన రోజు ముడుపు తీసి, విశాఖపట్నం ఓడెక్కేవాళ్ళతో కొండకి పంపిస్తానని మొక్కు. ఎంత ఉందో ఎవరూ అడగరు. ఇంట్లో అన్నం లేకపోయినా ఆ మూట మీద ఎవరి చూపూ పడదు.

ఈ వేళ పడింది.

రత్నావతి వసారాలోకి తొంగిచూసింది. అత్త పొయ్యి పక్కనే చాప మీద కునుకు తీస్తోంది, చెంబు తలాపున పెట్టుకుని.

"ఇది కణ్ణన్ కోసం కట్టిందే కదా తండ్రీ," అంది పటం వైపు చూడకుండా. "వాడి కోసమే తీస్తన్నాను. జీతం రాగానే మళ్ళీ పెట్టేస్తాను."

తప్పు చేసేటప్పుడు న్యాయం ఎంత తొందరగా దొరుకుతుందో! కానీ వేళ్ళకి ఆ న్యాయం ఎక్కలేదు. ముడి ఎంతకీ విడలేదు. గోరు విరిగింది. బిళ్ళలన్నీ కొంగులోకి పడ్డాక మూట వట్టి గుడ్డపేలికలా చేతిలో వేలాడింది. అలా చూసేసరికి ఆమెకి భయం పుట్టుకొచ్చింది. వంటింట్లో కూరగాయల ఖర్చుకి వేసుకునే డబ్బాలో చిల్లర ఉంది. అన్నీ నలుచదరంగా, మూలలతో ఉండే రాగి సెంట్లు. అవన్నీ గుప్పిళ్ళతో తెచ్చి మూటలో పోసి, మునుపటంత ఎత్తు వచ్చేదాకా సర్ది, ముడి బిగించింది. అత్త కళ్ళకి పొర కమ్మి చాన్నాళ్ళయింది. మూటకీ మూటకీ తేడా ఆవిడకేం తెలుస్తుంది అనుకుంది.

సాయిబు బిళ్ళలు లెక్కపెట్టుకుంటూ నవ్వాడు.

"ఏమ్మా, పిల్లల హుండీ గానీ పగలగొట్టావా?"

రత్నావతికి మొహం మీద పేడనీళ్ళు పోసినట్టయింది. తాడు కట్టిన ముక్క తీసుకుని, ఈసారి ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోకుండా నడిచి వచ్చేసింది.

సాయంత్రం మునుసామి వచ్చి అడిగాడు, "దొరికిందా?" అని. దొరికిందంది. "బావుందా?" బావుందంది. "డబ్బు సరిపోయిందా?" అన్నాడు చొక్కా విప్పుతూ. ఆమె దీపం వత్తి సరిచేస్తూ "సరిపోయింది," అంది. అంతకు మించి అతనూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదేమో. చెప్పదులెండి.

దీపం పెట్టాక పెరట్లోంచి పిలుపొచ్చింది.

"కోడలా, ఇలా రా."

రత్నావతి తడబడుతూ వెళ్ళింది. పాపమ్మ ఇటుకల పొయ్యి మీంచి గిన్నె దించి, ఆకులో వేడి అన్నం, పప్పుచారు వడ్డిస్తోంది.

"కూకో. పొద్దున్నించీ నువ్వేటీ తినలేదు. నాకు కళ్ళు కనబడవు గానీ సెవులు బాగానే ఉన్నాయి. నీ కంచం సప్పుడు ఇనబడలేదు."

"ఆకలి లేదు అత్తా."

"తెలుసు. పాసార్‌కి ఎల్లొచ్చినావు గదా, ఆకలెలా ఉంటాది? తిను." పక్కనే కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. "నీ మీద నాకు కోపం లేదే. మొగుడు ఎల్లమంటే ఎల్లినావు. ఆడి సొమ్ముతో కొన్నావు. ఎవుల సొమ్ముతో కొన్నది ఆల్లకే పాపం. అది మోసుకొచ్చిన సేతికి అంటుకోదు."

రత్నావతి నోట్లో ముద్ద ఆగిపోయింది.

"ఏటి, కారం ఎక్కువైనాదా?"

"లేదత్తా."

"మరి కళ్ళంట నీల్లేటి?"

"పొగ," అంది రత్నావతి.

పాపమ్మ గబగబా పుల్లలు వెనక్కి లాగింది, కోడలి కళ్ళకి పొగ తగలకుండా. ఆ పని చూసి రత్నావతికి ఆ పొయ్యిలోకి దూకేద్దామనిపించింది. అత్త తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తిట్లకి అలవాటు పడొచ్చు. పప్పుచారు గొంతు దిగడమే కష్టం.

మర్నాడు మధ్యాహ్నం దొర కారు వచ్చి వీధిలో ఆగింది.

ఫెన్‌విక్ దొర బక్కపల్చటి మనిషి. బిస్కట్ల డబ్బా ఒకటి తెచ్చి రత్నావతి చేతికిచ్చి, ఇంట్లోవాళ్ళ లాగే గుమ్మంలో బూట్లు విప్పేశాడు. బల్లమీద ఉతికిన దుప్పటి పరిచారు. జయమణి పైనా కిందా నిప్పులు పోసే తగరపు పెట్టెలో పొద్దున్నించీ కాల్చిన రోస్టుని పళ్ళెంలో పట్టుకొచ్చి పెట్టింది. పైన నిగనిగలాడుతోంది, చుట్టూ బంగాళాదుంపలు. దానికి అటువైపు గోడ. గోడకి అవతల అప్పన్న.

దొర దాన్ని చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మా అమ్మ ఇలాగే తాడు కట్టేది," అన్నాడు ఇంగ్లీషులో.

రత్నావతి తలుపు చాటున నిలబడి వింటోంది. ఆమెకి ఇంగ్లీషు మాట్లాడ్డం రాకపోయినా అర్థమవుతుంది. దొర తింటున్నాడు. మునుసామి తన ముందు అన్నమూ బంగాళాదుంపల కూరా పెట్టుకుని మెతుకులు లెక్కపెడుతున్నాడు.

"మీరిది తీసుకోరా?"

"ఈ రోజు ఉపవాసం సార్," అన్నాడు మునుసామి, ఎదురుగా అన్నం పెట్టుకుని.

దొర ఆ అన్నం వైపు చూశాడు. పెరటి వైపు తలుపులోంచి కనబడుతున్న ఇటుకల పొయ్యి వైపు చూశాడు. ముసలావిడ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఆయన చేతిలో ఫోర్కు నెమ్మదిగా పళ్ళెంలోకి దిగింది.

"మునుసామీ, ఆవిడ నా వల్లనేనా అక్కడున్నది?"

మునుసామి మెతుకుల్ని కంచం అంచుకి నెట్టాడు.

"నేనేదో మాటవరసకి అన్నాను. మీ ఇంట్లో ఇది తినరన్న సంగతి నాకు తట్టనే లేదు, పదేళ్ళు ఈ దేశంలో ఉండి. మీరు పప్పూ అన్నం పెట్టినా సంతోషంగా తినేవాణ్ణి."

తలుపు చాటున రత్నావతి గోడ పట్టుకుంది. పప్పూ అన్నం! నిన్న రాత్రి ఆకులో మిగిల్చిన పప్పుచారు కళ్ళముందు మెదిలింది. మార్కెట్టు, కత్తి చప్పుడు, ముడుపు, ఇవేవీ అక్కర్లేకపోయిందా? ఒక్క పప్పుచారుతో పోయేదా ఇదంతా?

దొర కుర్చీ వెనక్కి జరిపాడు.

"మీ తమ్ముడి కాగితం ఏదీ? ఆఫీసులో ఎన్నోసార్లు మీరది జేబులో పెట్టుకు తిరగడం చూశాను. అడగలేదు, నాదే తప్పు. ఇవ్వండి, ఇప్పుడే సంతకం పెడతాను."

మునుసామి ఎగిరి లేచాడు. చేతులు ఆడలేదు. కాగితం తీసి బల్లమీద పరిచి, పెరటి వైపు తిరిగి కేక పెట్టాడు.

"అమ్మా! దొర సంతకం పెడతన్నాడే! కణ్ణన్ వచ్చెస్తాడే!" మళ్ళీ ఇటు తిరిగి, "రత్నా, నా పెన్ను! దేవుడి దగ్గర పెట్టినాను, బేగి తే!" అన్నాడు.

మంచి జరగాలని ఆ పెన్నుకి పొద్దున్నే బొట్టు పెట్టి అప్పన్న పాదాల దగ్గర ఉంచాడు. రత్నావతి దేవుడి గది వైపు పరుగెత్తింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

పాపమ్మ లోపల ఉంది. కొడుకు కేక విని, వెనక తలుపులోంచి తూలుతూ వచ్చేసినట్టుంది. రెండు రోజుల తర్వాత ఇంట్లో అడుగుపెట్టడం అదే. చెంపలంతా తడి.

"తండ్రీ, అప్పన్నా! ఇన్నావా నాయనా, ఇన్నావా నా మొర!"

మేకు మీంచి ముడుపు తీసింది. రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఒకసారి. రెండోసారి అద్దుకోబోతూ ఆగింది.

వేళ్ళు మూటని ఒత్తాయి. మళ్ళీ ఒత్తాయి. బొటనవేలు గుడ్డ మీదుగా ఒక బిళ్ళ అంచు వెంట నెమ్మదిగా పాకి, ఒక మూల దగ్గర ఆగింది. అక్కణ్ణించి ఇంకో మూలకి వెళ్ళింది.

అర డాలరు బిళ్ళకి మూలలుండవు. ఆ సంగతి తెలియడానికి కళ్ళక్కర్లేదు.

ముసలావిడ తల తిప్పింది. గుమ్మంలో ఉన్నది ఎవరో ఆవిడకి అడుగుల చప్పుడు బట్టే తెలుసు.

"కోడలా."

"అత్తా..."

"అది ఎంతయింది?"

రెండు రోజుల్లో మొదటిసారి దాని గురించి ఆవిడ అడిగిన ప్రశ్న అదే. రత్నావతి మోకాళ్ళ మీద కూలిపోయింది.

"ముక్కలు కొట్టించీసినాను అత్తా. తెలీక కొట్టించీసినాను. మళ్ళీ కొనడానికి ఇంట్లో ఏటీ లేదు. జీతం రాగానే పెట్టీద్దామని... ఆయనకి తెలీదు. ఎవులికీ తెలీదు. నా చెయ్యి ఇరిగిపోను!"

పాపమ్మ మూటని గుండెకి ఆనించుకుని నిలబడింది. తిట్టలేదు. పెదాలు మాత్రం కదిలాయి, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"అయితే ఆడి సొమ్ము కాదు," అంది చివరికి. "నాదే. నా సొమ్మే, నా సామి సొమ్మే ఆ పళ్ళెంలో ఉన్నాది."

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"రత్నా! పెన్ను!" హాల్లోంచి మునుసామి గొంతు. "దొర కూకున్నారు!"

రత్నావతి పటం పాదాల వైపు చెయ్యి చాచింది. ముసలి చెయ్యి తడుముకుంటూ వచ్చి అంతకంటే ముందే పెన్ను అందుకుంది. బొట్టు చెరిగి వేలికంటింది.

"లే," అంది పాపమ్మ. "నువ్వెల్లకు. విందు పెట్టింది నాను గదా. నానే ఎల్తాను."

"ఏటి సేస్తావు అత్తా? కణ్ణన్ అత్తా... కణ్ణన్..."

ఆ పేరు విన్నాక కూడా ఆవిడ ఈసారి ఆగలేదు. ఒక గుప్పిట్లో ముడుపు, ఇంకో గుప్పిట్లో పెన్ను పట్టుకుని, గోడ తడుముకుంటూ, చచ్చినా తొక్కనన్న ఆ హాలు గడప మీద కాలు పెట్టింది. దొర గౌరవంగా లేచి నిలబడ్డాడు. మునుసామి మొహం విప్పారింది, తల్లి ఆశీర్వదించడానికి వచ్చిందనుకున్నాడు.

"ఇయ్యమ్మా," అని చెయ్యి చాచాడు.

పాపమ్మ ఇవ్వలేదు. ఇస్తే కణ్ణన్ వస్తాడు, కానీ అప్పన్న సొమ్ముతో వడ్డించిన ఆ పళ్ళేన్ని తనే ఒప్పుకున్నట్టు. మాంసం వాసన వచ్చిన వైపు మొహం తిప్పి, అక్కడే నిలబడింది.